సూపర్ మార్కెట్ బిల్లులో మన వాటా ఎంత?

పోయిన నెల సంఘం పని మీద బి.కొత్తకోట నుంచి మదనపల్లెకు పోయినాం. పని ముగిసినాక, ఎట్లా వచ్చినాం కదా అని ఇంటికి కావలసిన సరుకుల కోసం ఒక సూపర్ మార్కెట్లోకి పోయినాం. నూనె, కందిపప్పు, చక్కెర, సబ్బులు, బట్టల పొడి బుట్టలో వేసుకొని బిల్లు దగ్గర వరుసలో నిలబడినాం. మా ముందు ఒకామె ఉంది. కూలి పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర కొంగుకు సిమెంటు దుమ్ము ఉంది. మిషన్ మీద అంకె పెరిగేకొద్దీ ఆమె చేతిలోని నోట్లను మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకుంటా ఉంది. చివరకు బిస్కట్ ప్యాకెట్ తీసి పక్కన పెట్టింది. లీటరు నూనె పెట్టేసి అర లీటరు తెచ్చుకుంది. కిలో టమోటాను అర కిలో చేయమంది.

"ఇదే ఊళ్లో పండే టమోటాకు ఇంత ధర ఏంది నాయనా? రైతులు బాగా సంపాదిస్తాండారులే" అనింది బిల్లు కొట్టే అబ్బాయితో.

ఆ అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు. వెనక నిలబడిన మేం నలుగురం టమోటా రైతులమే. అక్కడ టమోటా కిలో 28 రూపాయలు. అదే దినం పొద్దున మండీలో మాలో ఒకరి సరుకుకు వేలంలో పలికింది కిలో 9 రూపాయలు. కోత కూలి, బండి బాడుగ, కమీషన్, హమాలీ పోను చేతిలో మిగిలింది ఐదారు రూపాయలు. ఆ మాట ఆమెకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ చెప్పలేకపోయినాం. ఆమె కోపంలో అబద్ధం లేదు. మా కడుపుమంటలోనూ అబద్ధం లేదు. ఆ రెండింటి మధ్య ఉన్న 19 రూపాయలకు మాత్రం ఆ అంగట్లో ఎవరూ జవాబుదారీగా కనపడలేదు.

ఈ నెల ఆ 19 రూపాయల గురించే రాయాలనుకున్నాం.

మనమూ కొనేవాళ్లమే

ధరలు పెరిగినాయంటే అది టౌన్ వాళ్ల బాధ, మనకేమి అనుకునే రైతులు మన సంఘంలోనూ ఉన్నారు. "సినిమా హాల్లో మక్కజొన్న పేలాలకు వందలు పోస్తారు, టమోటాకు పది రూపాయలు పెరిగితే ఏడుస్తారు" అని మీటింగుల్లో మనమే ఎన్నోసార్లు అన్నాం. చప్పట్లు కూడా కొట్టినాం. ఆ మాటను ఇప్పుడు మళ్లీ ఆలోచించుకోవాలని మా మనవి.

కేంద్ర ప్రభుత్వమే చేయించిన ఇంటి ఖర్చుల సర్వే 2023-24 లెక్కలు చూడండి. దేశంలో పల్లెల్లో ఒక మనిషి నెల ఖర్చు సగటున 4,122 రూపాయలు. పట్టణాల్లో 6,996 రూపాయలు. పల్లె ఖర్చులో దాదాపు 47 శాతం తిండికే పోతోంది. పట్టణంలో అది 40 శాతం లోపే. అంటే తిండి సరుకుల ధర పెరిగితే ముందు దెబ్బ తగిలేది పండించే పల్లెకే. వినడానికి వింతగా ఉన్నా నిజం అదే.

ఎందుకు అట్లా అయింది? మా చిన్నప్పుడు మా ఊళ్లలో ఇంటికి కొనేది ఉప్పు, చక్కెర, గుడ్డ, కిరసనాయిలు. చెనక్కాయలు గానుగకు తోలితే ఏడాదికి సరిపడా నూనె, పశువులకు చెక్క వచ్చేది. చెనక్కాయల్లో ప్రతి కొన్ని సాళ్లకు ఒక కంది సాలు వేసేవాళ్లం, పప్పుకు దిగులు ఉండేది కాదు. రాగులు గాదెలో ఉండేవి. చెట్టు చింతపండు అటక మీద ఉండేది. ఇప్పుడు వర్షాలు నమ్మలేక, చెనక్కాయకు ధర లేక, అప్పు తీర్చే పంట కావాలని బోరు కింద టమోటా వేసినాం. కొందరు మల్బరీ వేసినారు. టమోటా వేసిన ఇల్లు టమోటా తప్ప మిగతావన్నీ అంగట్లో కొంటా ఉంది. పండించేది ఒకటి, కొనేది ముప్పై. ఆ ఒక్కటి అమ్మేటప్పుడు ధర మన చేతిలో లేదు, ఆ ముప్పై కొనేటప్పుడూ ధర మన చేతిలో లేదు.

నూనె సంగతే చూడండి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచే వస్తోంది. పామాయిలు ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. 2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి నూనెల మీద ప్రాథమిక దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. నూనెగింజల రైతుకు మేలు చేయడానికే అన్నారు. ధర వెంటనే అంగట్లో పెరిగింది. చెనక్కాయ రైతుకు ఆ మేలు వచ్చిందా? ఆ ఏడాది వేరుశనగకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. మా పక్క కల్లాల్లో ఆ ధర చూసిన రైతు మాకైతే కనపడలేదు. 2025 మే ఆఖర్లో ఆ సుంకాన్ని మళ్లీ 10 శాతానికి తగ్గించినారు. పెంచినప్పుడు నూనె ధర ఒక్క రాత్రిలో ఎక్కింది. తగ్గించినప్పుడు మెట్టు మెట్టుగా, అదీ కొంచెమే దిగింది. ఈ తేడా ఎవరి జేబులోకి పోయిందో అడగాల్సింది రైతూ, ఇల్లాలూ కలిసే.

ధర పెరగదు, ప్యాకెట్ చిక్కిపోతుంది

జనం ధరలతో ఎట్లా నెట్టుకొస్తున్నారో మన ఇళ్లలోనే చూడొచ్చు. లీటరు నూనె తెచ్చే ఇల్లు అర లీటరుకు దిగింది. కందిపప్పు ధర బాగా ఎక్కిన 2024లో చారులో పప్పు పలచబడింది, పెసలూ ఉలవలూ ఎక్కువైనాయి. ఆ ఏడాది జూలైలో రాష్ట్ర ప్రభుత్వమే రైతుబజార్లలో కౌంటర్లు పెట్టి కిలో కందిపప్పు 160 రూపాయలకు అమ్మించింది. 160 రూపాయలే తగ్గింపు ధర అయిందంటే బయట ఎంత ఉండిందో గుర్తు చేసుకోండి. టమోటా ఎక్కితే చింతపండు, చింతపండు ఎక్కితే పులిమజ్జిగ. ఎర్రగడ్డలు ఎక్కితే తాలింపులో సగం. సరుకుల చీటీ రాసుకొని పోయి, అంగట్లో ఆ చీటీని ఇల్లాలే కొట్టివేస్తా పోతుంది. ఆ కొట్టివేతల్లో ముందు పోయేది పిల్లలు అడిగింది. తర్వాత పోయేది ఆమెకు కావలసింది.

కంపెనీల లెక్క వేరు. ఐదు రూపాయల బిస్కట్ ప్యాకెట్ ఐదు రూపాయలకే ఉంటుంది, లోపల బిస్కట్లు తగ్గుతాయి. పది రూపాయల సబ్బు పది రూపాయలకే ఉంటుంది, సబ్బు పలచబడుతుంది. ప్యాకెట్ మీద గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో అచ్చు వేయాలని నిబంధన ఉంది. ఆ అక్షరం చీమ తలకాయంత ఉంటుంది. మన ఆడవాళ్లకు మా సలహా ఒకటే. పైన పెద్దగా వేసిన ధర కాదు, వెనక చిన్నగా వేసిన తూకం చదవండి. చదవలేకపోతే బడికి పోయే పిల్లోళ్లతో చదివించుకోండి.

పన్ను సంగతి కూడా ఇదే తీరు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల లోపు ప్యాకెట్ కట్టి పేరు వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ వేసినారు. అప్పటి నుంచే అంగళ్లలో 26 కిలోల బియ్యం సంచులు కనపడినాయి. పన్ను తప్పించుకోవడానికి ఒక కిలో ఎక్కువ పోసిన సంచి అది. మంచిదే. కానీ 26 కిలోల సంచి ఒకేసారి కొనగలిగిన ఇంటికి పన్ను లేదు, ఐదు కిలోల ప్యాకెట్ కొనుక్కునే కూలి ఇంటికి పన్ను ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, టూత్‌పేస్టు, బిస్కట్ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గించినారు. దాన్ని మేం స్వాగతిస్తాం. ప్యాకెట్ బియ్యం, పప్పు మీద 5 శాతం మాత్రం అట్లే ఉంది. సబ్బు లేకుండా రెండు దినాలు ఉండొచ్చు, బువ్వ లేకుండా ఉండలేం కదా?

2023 మనకు చెప్పిన పాఠం

మన ప్రాంతం పేరు దేశమంతా మోగిన ఏడాది అది. ఆ వేసవికి ముందు టమోటాకు ధర లేదు. కోత కూలి రాక కొందరు కాయను చెట్టునే వదిలేసినారు, కొందరు గొర్రెలను తోలినారు. ధర లేని పంటను మళ్లీ ఎవరు వేస్తారు? నాట్లు తగ్గినాయి. దానికి ఎండలు, తెగుళ్లు, అకాల వర్షాలు తోడైనాయి. జూన్ ఆఖరుకు వంద దాటింది. జూలై ఆఖరుకు మదనపల్లె మార్కెట్లో మొదటి రకం కిలో దాదాపు 200 రూపాయలు తాకింది. ఆ నెల దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతం అయింది, ఒక్క కూరగాయలే 37 శాతం పైన పెరిగినాయి. పెద్ద బర్గర్ కంపెనీలు కూడా ఉత్తరాదిలో చాలా అంగళ్లలో టమోటా ముక్క వేయడం ఆపేసినాయి.

పేపర్లలో, టీవీల్లో టమోటా రైతు కోటీశ్వరుడైనాడని కథలు వచ్చినాయి. నిజమే, పంట చేతిలో ఉన్న కొందరికి జన్మలో చూడని డబ్బు వచ్చింది. వాళ్ల అప్పులు తీరినాయి, మేం సంతోషపడినాం. కానీ మన పల్లెల్లో ఆ నెల పంట చేతిలో ఉన్నవాళ్లు ఎందరు? పదిమందిలో ఒకరో ఇద్దరో. మిగతా ఎనిమిది మంది టమోటా రైతులు ఆ నెల టమోటా కొనలేక చింతపండు రసంతో అన్నం తిన్నారు. ఈ మాట ఏ టీవీలోనూ రాలేదు.

మాలో ఉన్న తప్పు కూడా ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ నెలలో మా ఊళ్లలో కావలి కాసి కాయ కోసినాం. ఎన్నడూ ఒక గంప కాయ ఊరికే ఇచ్చే ఇంటి పొరుగుకు, మన చేలో కలుపు తీసిన అక్కలకు రెండు కిలోలు ఇవ్వడానికి చేతులు రాలేదు. "ఇప్పుడు తెలుస్తాది వీళ్లకు రైతు విలువ" అని కొందరం అన్నాం. అది ఎవరికి తెలిసింది? 28 రూపాయలకే నోట్లు లెక్కపెట్టుకున్న ఆ అమ్మ లాంటివాళ్లకు. బెంగళూరులో కట్టడం పనులకు, గార్మెంట్స్ పనులకు పోయిన మన పిల్లలకు. వాళ్లకు తప్ప, మనకు విలువ తెలియాలని మనం కోరుకున్న ఒక్క పెద్దమనిషికీ తెలియలేదు.

ఆ తర్వాత? సెప్టెంబరు వచ్చేసరికి ధర నేలకు పడింది. రాయలసీమలో రైతులు టమోటాను రోడ్ల పక్కన పారబోసినారు. జూలైలో కోటీశ్వరుడు అన్న టీవీ సెప్టెంబరులో మన చేను దగ్గరకు రాలేదు.

ఊరట ఎవరి జేబులోంచి?

ఆ మూడు నెలల్లో ప్రభుత్వాలు కొనేవాళ్లకు ఊరట ఇవ్వడానికి రెండు రకాల పనులు చేసినాయి. రెండూ ఒకటే అనుకుంటే పొరపాటు.

మొదటి రకం: రాష్ట్ర ప్రభుత్వం మార్కెట్లో నడుస్తున్న ధరకు టమోటా కొని, రైతుబజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మింది. కేంద్రం ఎన్‌సీసీఎఫ్, నాఫెడ్ ద్వారా మన మదనపల్లెలోనూ, కోలారులోనూ, మహారాష్ట్రలోనూ కొని, జూలై 14 నుంచి ఢిల్లీలో 90 రూపాయలకు, తర్వాత 80కి, 70కి అమ్మించింది. ఇక్కడ రైతుకు పలికిన ధర రైతుకు వచ్చింది. కొనేవాళ్లకు తక్కువకు దొరికింది. మధ్యలో నష్టం ఖజానా భరించింది.

రెండో రకం: ఆగస్టు 10న పార్లమెంటులో ఆర్థిక మంత్రి నేపాల్ నుంచి టమోటా దిగుమతి చేస్తామని ప్రకటించారు. ఆగస్టు 19న ఎర్రగడ్డల ఎగుమతి మీద 40 శాతం సుంకం వేసినారు, డిసెంబరులో ఎగుమతినే ఆపేసినారు. ఇక్కడ కొనేవాళ్ల ఊరటకు డబ్బు ఖజానా నుంచి రాలేదు. రైతు జేబులోంచి వచ్చింది.

అప్పట్లో మనలో కొందరు 50 రూపాయల అమ్మకాన్ని కూడా తిట్టినారు. "మన ధర పడగొట్టడానికే" అన్నారు. మేం ఒప్పుకోం. మొదటి రకం పనిని రైతు సంఘం గట్టిగా బలపరచాలి, రెండో రకాన్ని అంతే గట్టిగా ఎదిరించాలి. పేదింటికి తక్కువకు కూరగాయ ఇవ్వడం సర్కారు బాధ్యత, దాని ఖర్చు సర్కారే పెట్టాలి. మన నెత్తిన పెట్టకూడదు.

ఇంకో మాట. ధర 200 ఉన్నప్పుడు జూలైలో పరుగెత్తుకొచ్చి కొన్న ఆ చెయ్యి, ధర 5 రూపాయలు ఉన్నప్పుడు సెప్టెంబరులో ఎందుకు రాలేదు? కొనేవాళ్లకు కష్టం వచ్చినప్పుడు కదిలిన యంత్రాంగమే పండించేవాళ్లకు కష్టం వచ్చినప్పుడూ కదలాలి. 2025లో కర్నూలు ఎర్రగడ్డల రైతులు ధర లేక రోడ్డున పడినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొనింది, తర్వాత హెక్టారుకు 50,000 రూపాయల సాయం ప్రకటించింది. అదే ఏడాది మన చిత్తూరు తోతాపురి మామిడికి కిలో 12 రూపాయలు అని తీర్మానించి, అందులో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలన్నారు. రైతులు రోడ్డెక్కినాక వచ్చిన సాయాలు ఇవి. చాలవు, ఆలస్యం కూడా. కానీ ఇట్లా చేయడం సాధ్యమే అని ఇవి చూపించినాయి. మామిడి ధర అంత పడిన ఏడాది అంగట్లో మామిడి రసం సీసా ధర పడిందా? మాకైతే కనపడలేదు. రైతు ధర పడితే ఆ లాభం కొనేవాళ్లకు చేరుతుందనే మాట ఉత్తదే అని తెలుసుకోవడానికి ఆ ఒక్క సీసా చాలు.

మధ్యలో ఏమి జరుగుతోంది?

2024 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు వెలువరించిన ఒక అధ్యయనం ఇట్లా లెక్క తేల్చింది. కొనేవాళ్లు టమోటా మీద పెట్టే ప్రతి రూపాయిలో రైతుకు చేరేది దాదాపు 33 పైసలు. ఎర్రగడ్డకు 36 పైసలు, ఉర్లగడ్డకు 37 పైసలు. ఇది రైతు సంఘం వేసిన లెక్క కాదు, దేశపు పెద్ద బ్యాంకు వేసిన లెక్క. ఆ సూపర్ మార్కెట్లో మేం చూసిన 28 రూపాయలు, 9 రూపాయల లెక్క దీనికి సరిగ్గా సరిపోయింది.

మిగతా 67 పైసలూ దోపిడీయే అని మేం అనం. అట్లా అంటే అబద్ధం అవుతుంది. టమోటా రెండు దినాలకు మెత్తబడే సరుకు. లారీ బాడుగ, డీజిల్, కూలి, దారిలో చితికే కాయ, అంగడి బాడుగ, కరెంటు, పనిచేసే పిల్లల జీతాలు అన్నీ అందులోనే ఉన్నాయి. బిల్లు కొట్టే ఆ అబ్బాయి కూడా ఏ రైతు కొడుకో అయ్యుంటాడు. మేం అడిగేది ఒకటే. ఏ మెట్టులో ఎంత అన్నది బయటపెట్టండి. మన సరుకుకు వేలం నలుగురి ముందు జరుగుతుంది. కొన్నచోట్ల మాత్రం గుడ్డ కింద వేళ్లు పట్టుకొని జరుగుతుంది. అంగట్లో పలక మీద ధర ఉంటుంది, అది ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలియదు.

మండీల్లో మన కడుపు కొట్టే పద్ధతులు మనకు కొత్త కాదు. రాసింది ఒక కమీషన్, పట్టుకునేది ఇంకొక కమీషన్. నూరు క్రేట్లకు ఇన్ని క్రేట్లు ఊరికే ఇవ్వాలని మన రైతులు 'జాక్‌పాట్' అని పిలుచుకునే దోపిడీ. దాన్ని రద్దు చేసినామని ఎన్నిసార్లు విన్నాం? పేరు మారి మళ్లీ వస్తుంది. అప్పు ఇచ్చిన మండీకే సరుకు తోలాల్సి రావడం మన నోరు కట్టేస్తోంది. కాబట్టి అంగట్లో ధర గురించి మాట్లాడాలంటే మన పెట్టుబడి అప్పు గురించి కూడా మాట్లాడాల్సిందే. బ్యాంకు అప్పు అందని కౌలు రైతు చేతిలో బేరం చేసే బలం ఉండదు.

పాల సంగతి పోల్చుకోండి. గుజరాత్ సహకార పాల సంఘాల్లో కొనేవాళ్లు పెట్టే రూపాయిలో దాదాపు 80 పైసలు పాలు పోసిన రైతుకే పోతాయని చెబుతారు. పాలు కూడా ఒక్క పూటకు విరిగిపోయే సరుకే. టమోటాకు 33, పాలకు 80 ఎందుకు వచ్చింది? అక్కడ చిల్లింగు, రవాణా, ప్యాకెట్, అమ్మకం అన్నీ రైతుల సంఘం చేతిలో ఉన్నాయి. మన చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడిన తర్వాత పాల రైతుకు ఏమైందో మన పెద్దలను అడగండి. రైతు చేతిలోని సహకార సంస్థ పోతే రైతూ చెడతాడు, కొనేవాళ్లూ చెడతారు.

మేం అడిగేవి

ఒకటి. టమోటాకు పై హద్దు, కింది హద్దు ముందుగానే ప్రకటించాలి. పై హద్దు దాటితే మార్కెట్ ధరకే కొని పేదలకు తక్కువకు అమ్మాలి. కింది హద్దుకు దిగితే కొని హాస్టళ్లకు, బడి భోజనాలకు, అంగన్‌వాడీలకు పంపాలి, లేదా తేడా డబ్బు రైతు ఖాతాలో వేయాలి. కేంద్రం 2025లో సవరించిన మార్కెట్ జోక్య పథకంలో తేడా చెల్లించే వీలు ఉంది. దాన్ని టమోటాకు కాగితం మీద కాకుండా మార్కెట్ యార్డులో అమలు చేయాలి.

రెండు. ప్రతి సూపర్ మార్కెట్లో, ప్రతి కూరగాయల అంగట్లో, అమ్మే ధర పక్కనే ఆ దినం దగ్గరి మార్కెట్ యార్డులో రైతుకు పలికిన ధర కూడా రాయాలి. దీనికి సర్కారుకు పైసా ఖర్చు లేదు. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూసిన ఇల్లాలు మళ్లీ రైతును తిట్టదు.

మూడు. రైతుబజార్లు మొదలై 1999 జనవరి నుంచి ఇన్నేళ్లయింది. పెద్ద టౌన్లతో ఆపకుండా మన బి.కొత్తకోట, ములకలచెరువు లాంటి చిన్న టౌన్లకూ కావాలి. నిజమైన రైతుకే అక్కడ చోటు ఉండాలి.

నాలుగు. రేషన్ కార్డు మీద కందిపప్పు, నూనె, రాగులు ప్రతి నెలా తప్పకుండా ఇవ్వాలి. ఆ రాగులు, కందులు, చెనక్కాయలు మన దగ్గరే మద్దతు ధరకు కొనాలి. కూలి ఇంటికి పప్పు, రైతు ఇంటికి ధర, రెండూ ఒకే పనితో అవుతాయి.

ఐదు. చట్టంలో ఉన్నంతే కమీషన్ తీసుకోవాలి, జాక్‌పాట్ ఏ పేరుతో వచ్చినా కేసు పెట్టాలి.

మనం చేయాల్సినవి

సర్కారును అడగడంతో మన పని అయిపోదు. మేం కొన్ని అనుకున్నాం, మీరూ ఆలోచించండి.

ప్రతి ఊళ్లో పదిమంది రైతులు కలిసి వారానికి ఒక దినం టౌన్లో నేరుగా అమ్ముదాం. మండీలో 9 పలికి అంగట్లో 28 ఉన్న దినం మనం 16కు అమ్మితే మనకూ మేలు, కొనేవాళ్లకూ మేలు. రోడ్డు పక్కన కూర్చోవడం నామోషీ అనుకోవద్దు. అయితే ఒక మాట మీద నిలబడాలి. ధర 100 దాటిన దినం కూడా ఆ చోటును వదిలిపెట్టకూడదు. మంచి దినాల్లో మండీకి, చెడ్డ దినాల్లో జనం దగ్గరకు పోతే మనల్ని ఎవరూ నమ్మరు. 2023లో మనం తప్పిన చోటు అదే.

రెండోది, ఊరంతా ఒకే వారంలో నారు పెట్టే అలవాటు మానుకుందాం. ధర బాగుందని అందరం ఎగబడి నాటితే మూడు నెలల తర్వాత అందరి కాయ ఒకే దినం మండీలో పడుతుంది. సంఘం శాఖల్లో కూర్చొని ఎవరు ఎప్పుడు నాటుతారో మాట్లాడుకోవాలి. ఇది కష్టమని తెలుసు. బోరులో నీళ్లు ఉన్నప్పుడే నాటాలి కదా అంటారు. అయినా సగం మందిమైనా మాట్లాడుకుంటే సగం నష్టమైనా తప్పుతుంది.

మూడోది, ఇంటి వరకు అర ఎకరా అయినా చెనక్కాయ, కంది, రాగి వేసుకుందాం. అమ్మడానికి కాదు, కొనకుండా ఉండడానికి. కొనే ముప్పై సరుకుల్లో నాలుగు తగ్గినా నెలకు ఎంత మిగులుతుందో ఇంటి ఆడవాళ్లను లెక్క వేయమనండి. గానుగ ఆడించే వాళ్లు మన చుట్టుపక్కల మళ్లీ కనపడుతున్నారు. నలుగురు కలిసి చెనక్కాయలు తోలితే నూనె కల్తీ భయం కూడా ఉండదు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ధరల పెరుగుదల మీద మహిళా సంఘాలు, కార్మిక సంఘాలు ధర్నా చేసినప్పుడు మనం పక్కన నిలబడాలి. గిట్టుబాటు ధర కోసం మనం ధర్నా చేసినప్పుడు వాళ్లను పిలవాలి. ఇప్పటిదాకా వాళ్ల ధర్నా వేరు, మన ధర్నా వేరు. వాళ్లు ధర తగ్గించమంటారు, మనం ధర పెంచమంటాం. చూసేవాళ్లకు ఇద్దరం కొట్లాడుకుంటున్నట్టు కనపడుతుంది. నిజానికి ఇద్దరం అడుగుతున్నది ఆ 19 రూపాయల లెక్కే.

ఆ దినం సూపర్ మార్కెట్ బయట ఆ అమ్మ ఆటో కోసం నిలబడి ఉంది. మాలో ఒకరు పోయి, "అమ్మా, మేం టమోటా రైతులం. ఈ పొద్దు మాకు కిలోకు తొమ్మిది పడింది" అని చెప్పినాడు. ఆమె నమ్మలేదు. మండీ చీటీ తీసి చూపించినాడు. చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "మరి నేను 28 ఎవరికి ఇచ్చినట్టు?" అనింది.

ఆ ప్రశ్నకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ ప్రశ్నను ఇకనుంచి ఆమె ఒక్కతే కాదు, ఆమె, మనం కలిసి అడగాలి. వచ్చే మండల సమావేశానికి మీ ఇంటి సరుకుల బిల్లు ఒకటి, మీ మండీ చీటీ ఒకటి తీసుకొని రండి. రెండూ పక్కపక్కన పెట్టి చర్చ మొదలుపెడదాం.